పులి తల రాక్షసుడికీ మంత్రం తగులుతుంది, లెవెల్ చూసి వేస్తే

సంపాదక మహాశయులకు,

మీ ఆదివారం సంచికలో బల్ల మీద ఆడే పాత్రధారణ ఆటల గురించి వచ్చిన వ్యాసం నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ హాస్టల్ గదుల్లో బాగానే చేతులు మారింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లు జిల్లాల్లో కూడా ఉన్నారని ఒక తెలుగు పత్రిక గుర్తించడం సంతోషం. అయితే అందులోని రెండు వాక్యాలు అప్పుడే బల్లల దగ్గర పంచాయితీ పెట్టాయి. ‘రాక్షసుడి మీద మంత్రాలు పారవు’ అన్నది ఒకటి, ‘ఇనుప గోలెంకు నిప్పు తగలదు’ అన్నది రెండోది. మొదటిది సగమే నిజం. రెండోది అసలు ప్రమాదాన్నే దాచింది: మంత్రంతో కదిలే ఆ బొమ్మ, గోలెం మీద నిప్పు వేస్తే దాని హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం లెక్క, పెరుగుతాయి.

ఈ ఉత్తరంలోని లెక్కలు ఐదో ఎడిషన్ 2014 నియమాలవి. మన దగ్గర ఎక్కువగా ఆడేది వాటితోనే. వాటి మూల పాఠం ఎస్‌ఆర్‌డీ 5.1 పేరుతో 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా వచ్చింది. ఫోన్‌లోకి దింపుకుని, కావలసిన పేజీలు జిరాక్స్ తీయించుకుంటే ఆట నడిచిపోతుంది. 2024 పుస్తకాలతో ఆడేవాళ్లకు కొన్ని సంగతులు మారతాయి, అవి చివర్లో చెబుతాం.

ఒక జీవి మీద మంత్రం పనిచేయకపోవడానికి కారణం ఒకటే ఉండదు. ఆ మంత్రం ఆ జాతికి వర్తించకపోవచ్చు. ఆ రకం దెబ్బకు దానికి ఇమ్యూనిటీ ఉండొచ్చు. మంత్రం తెచ్చే కండిషన్, అంటే స్థితి, దానికి పట్టకపోవచ్చు. లేదంటే దాని స్టాట్ బ్లాక్‌లో, అంటే పుస్తకంలో ఆ జీవి లెక్కలన్నీ ఉండే పట్టీలో, మ్యాజిక్ గురించే విడిగా ఒక లక్షణం రాసి ఉండొచ్చు. ఈ నాలుగూ స్టాట్ బ్లాక్‌లో నాలుగు చోట్ల ఉంటాయి. తొందరలో ఒకటి చూసి మిగతావి వదిలేయడం వల్లనే తప్పు తీర్పులు వస్తాయి.

జాతి సంగతి తేలిక. కదలకుండా కట్టేసే హోల్డ్ పర్సన్ మంత్రం హ్యూమనాయిడ్ల, అంటే మనిషి లాంటి జాతుల, మీదే పడుతుంది. జాంబీ నిన్నటిదాకా మనిషే అయినా ఇప్పుడు అన్‌డెడ్, చచ్చి లేచిన జాతి. మహాలక్ష్మి జీరో టికెట్ పల్లెవెలుగుకు, ఎక్స్‌ప్రెస్‌కు చెల్లుతుంది గానీ సూపర్ లగ్జరీ ఎక్కి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఊరుకోడు కదా, ఇదీ అంతే. జాంబీకి సేవింగ్ త్రో, అంటే మంత్రాన్ని తట్టుకునేందుకు వేసే పాచిక, వేయాల్సిన పనే లేదు. మరి ఆటగాడికి ఏం చెప్పాలి? 2017 నాటి జనాథర్స్ గైడ్ టు ఎవ్రీథింగ్‌లో దీనికి దారి ఉంది. స్లాట్, అంటే మంత్రాలు వేసే కోటాలో ఒకటి, ఖర్చయిపోతుంది, సేవ్ అయితే ఏమీ కాని మంత్రమైతే ఎదుటి జీవి సేవ్ అయినట్టే కనిపిస్తుంది. డీఎం, అంటే ఆట నడిపేవాడు, కారణం బయటపెట్టనక్కర్లేదు. అన్నట్టు 2014 పుస్తకంలో తోడేలు మనిషి హ్యూమనాయిడే. తోడేలు రూపంలో ఉన్నా హోల్డ్ పర్సన్ పడుతుంది. దీన్ని చాలామంది నమ్మరు, స్టాట్ బ్లాక్ రెండో వరుస చూడమనండి.

దెబ్బల రకాలు పదమూడు: నిప్పు, చలి, మెరుపు, యాసిడ్, పాయిజన్, ఫోర్స్ వగైరా. రెసిస్టెన్స్ ఉంటే దెబ్బ సగం, ఇమ్యూనిటీ ఉంటే సున్నా, వల్నరబిలిటీ ఉంటే రెట్టింపు. ఇక్కడ లెక్క వరుస తప్పితే అంతా తప్పుతుంది. ఫైర్‌బాల్ మంత్రానికి 8డీ6, అంటే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది, వేస్తే 29 వచ్చిందనుకోండి. సేవ్ అయిన జీవికి సగం, అంటే 14. భిన్నం వస్తే ఎప్పుడూ కిందికే. దానికి నిప్పు రెసిస్టెన్స్ కూడా ఉంటే అందులో సగం, 7. ముందు కలిపేవీ తీసేవీ అన్నీ ముగించాలి, తర్వాత రెసిస్టెన్స్, ఆ తర్వాతే వల్నరబిలిటీ. ఒకే జీవికి ఆ రెండూ ఉండి సేవ్ తప్పితే 29 సగమై 14, రెట్టింపై 28. రెండూ కొట్టేసుకుని 29 మిగులుతుందనేవాళ్లు ఆ ఒక్క పాయింటు దగ్గర దొరికిపోతారు. ఉంగరం వల్ల ఒక రెసిస్టెన్స్, మంత్రం వల్ల ఇంకొకటి ఉన్నా సగం చేసేది ఒక్కసారే. పావు చేయడం అన్నది ఎక్కడా లేదు.

దెబ్బ సున్నా అయినంత మాత్రాన మంత్రం మొత్తం సున్నా అయినట్టు కాదు. ఎక్కువ మంది డీఎంలు జారేది ఇక్కడే. రే ఆఫ్ ఫ్రాస్ట్ తెల్ల డ్రాగన్‌కు తగిలితే చలి దెబ్బ ఏమీ పడదు. కానీ వేగం 10 అడుగులు తగ్గడం అన్నది అదే వాక్యంలో విడిగా రాసి ఉంది, దెబ్బ పడితేనే అన్న షరతు లేదు. కాబట్టి వేగం తగ్గుతుంది. వాంపైరిక్ టచ్ దీనికి ఉల్టా. అందులో వేసినవాడికి తిరిగి వచ్చేది ఎదుటివాడికి పడిన నెక్రోటిక్ దెబ్బలో సగం. పడింది సున్నా అయితే వచ్చేదీ సున్నాయే. వేసిన మంత్రాన్ని నిలబెట్టే కాన్‌సన్‌ట్రేషన్ కూడా అంతే, దెబ్బ పడితేనే పరీక్ష. ఇమ్యూనిటీ వల్ల ఏమీ పడనివాణ్ణి డీసీ 10, అంటే పాచిక చేరుకోవాల్సిన అంకె 10 పెట్టి, వేయమనడం అన్యాయం. పాయిజన్ విషయంలో మరీ జాగ్రత్త కావాలి. పాయిజన్ దెబ్బకు ఇమ్యూనిటీ ఒక వరుస, పాయిజన్డ్ కండిషన్‌కు ఇమ్యూనిటీ ఇంకో వరుస. అస్థిపంజరానికి రెండూ ఉన్నాయి, అందుకే తేడా తెలియదు. మిగతా జీవులకు రెండు వరుసలూ చూసి చెప్పాలి.

ఆయుధాల దగ్గర ‘నాన్‌మ్యాజికల్ అటాక్స్’ అన్న మాటలో అటాక్స్ అన్నది బరువైన మాట. వెండి పూత లేని మామూలు కత్తితో కొడితే తోడేలు మనిషికి ఏమీ కాదు. అదే దేవరకొండ కోట లాంటి చోట 60 అడుగుల బురుజు మీంచి తోస్తే 6డీ6, సగటున 21 పడుతుంది, దాని 58 హిట్ పాయింట్లలోంచి. కింద పడటం అటాక్ కాదు మరి. అలాగే మంత్రంలా అనిపించేవన్నీ మ్యాజికల్ కావు. డ్రాగన్ ఊదే నిప్పు స్పెల్ కాదు, దాని వివరణలో మ్యాజికల్ అని రాసీ లేదు. అందుకే మంత్రాలను ఆపేసే యాంటీమ్యాజిక్ ఫీల్డ్‌లో నిలబడి ధైర్యంగా ఉన్న విజార్డ్, అంటే మాంత్రికుడు, కూడా మాడిపోతాడు.

మ్యాజిక్ రెసిస్టెన్స్ అన్న లక్షణం పేరు చూసి దెబ్బ సగం చేసేవాళ్లున్నారు. అందులో సగం ప్రసక్తే లేదు. మంత్రాలకు ఎదురు వేసే సేవింగ్ త్రోకు అడ్వాంటేజ్ ఇస్తుంది, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు, అంతే. ఫైర్ బోల్ట్‌కు అటాక్ రోల్, అంటే తగిలిందో లేదో తేల్చే పాచిక, ఉంటుంది, సేవ్ ఉండదు. మ్యాజిక్ మిసైల్‌కు రెండూ ఉండవు. ఈ రెంటి ముందు ఆ లక్షణం ఉన్నా లేనట్టే.

గోలెంల దగ్గర ఏ గోలెమో అడగండి ముందు. ఇనుప గోలెం నిప్పును, మట్టి గోలెం యాసిడ్‌ను, మాంసపు గోలెం మెరుపును తాగేస్తాయి. రాతి గోలెంకు ఆ సౌకర్యం లేదు. ఇనుప గోలెం మీద 28 ఫైర్‌బాల్ పడితే సేవ్ తప్పినప్పుడు 28 కోలుకుంటుంది, సేవ్ అయితే 14 మాత్రమే. అంటే మ్యాజిక్ రెసిస్టెన్స్ ఇక్కడ పాపం దానికే నష్టం. 2003 నాటి 3.5 ఎడిషన్ చదివినవాళ్లు ‘మెరుపు వేస్తే ఇనుప గోలెం నెమ్మదిస్తుంది’ అంటారు. అప్పట్లో నిజమే, ఐదో ఎడిషన్‌లో ఆ మాట లేదు. పాలిమార్ఫ్ కూడా వద్దు, రూపం మార్చే దేనికైనా గోలెంలకు ఇమ్యూనిటీ. పనిచేసేది ఎదుటి జీవిని అక్కణ్ణుంచి మాయం చేసే బానిష్‌మెంట్. దానికి కరిజ్మా సేవ్ కావాలి, ఇనుప గోలెం కరిజ్మా 1, అంటే పాచిక అంకెకు మైనస్ 5. మీ డీసీ 15 అయితే ఇరవై ముఖాల పాచిక మీద సరిగ్గా 20 పడితేనే గోలెం గట్టెక్కుతుంది. అడ్వాంటేజ్‌తో రెండు పాచికలు వేసినా ఆ అవకాశం నూటికి పది లోపే. ఒక నిమిషం, అంటే పది రౌండ్లు అది అక్కడ ఉండదు. ఆ తర్వాత పోయిన చోటికే తిరిగి వస్తుంది కాబట్టి ఆ పది రౌండ్లలో తలుపు దాటిపోవాలి, కూర్చుని గాయాలు కట్టుకోవడం కాదు.

ఇక మీ వ్యాసంలోని రాక్షసుడు. పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు, వేషం మార్చే తెలివి, 110 హిట్ పాయింట్లు. మన హరికథల్లో విన్న వరాలూ శాపాలూ స్టాట్ బ్లాక్‌లో లేవు, కాబట్టి బల్ల మీదా లేవు. పాలమూరు అయినా పారిస్ అయినా చూడాల్సింది అక్కడ రాసిందే. రాసింది ఇది: ఆరో లెవెల్, అంతకు లోపు మంత్రాలు, తాను ఒప్పుకుంటే తప్ప, అతని మీద ప్రభావం చూపలేవు, అతన్ని పసిగట్టలేవు. మిగతా మంత్రాలకు, మాంత్రిక ప్రభావాలకు ఎదురు సేవింగ్ త్రోల్లో అడ్వాంటేజ్.

ముందు లెవెల్ సంగతి. మంత్రం పుట్టిన లెవెల్ కాదు, వేసిన స్లాట్ లెవెల్ లెక్క. మ్యాజిక్ మిసైల్ మొదటి లెవెల్ మంత్రమే అయినా ఏడో లెవెల్ స్లాట్‌తో వేస్తే ఆ వేయడం వరకు అది ఏడో లెవెల్ మంత్రం. మూడు బాణాలకు ఆరు కలిసి తొమ్మిది, ఒక్కోటి 1డీ4+1, సగటు 31.5. సేవ్ లేదు కాబట్టి రాక్షసుడి అడ్వాంటేజ్ వృథా. అదే స్లాట్‌తో ఫైర్‌బాల్ వేస్తే 12డీ6, సగటు 42, చూడ్డానికి ఘనం. కానీ ఏడో స్లాట్ దొరికే 13వ లెవెల్ విజార్డ్‌కు ఇంటెలిజెన్స్ 20 ఉంటే డీసీ 18. రాక్షసుడి డెక్స్టెరిటీ, అంటే చురుకుదనం, ప్లస్ 3, అడ్వాంటేజ్‌తో వేస్తే సేవ్ కావడం, తప్పడం సగం సగం. తప్పితే 42, అయితే 21, మొత్తం మీద చేతికొచ్చేది 31 చిల్లర. అంటే చిన్నపిల్లల మంత్రమని పక్కన పెట్టిన మ్యాజిక్ మిసైల్ ఫైర్‌బాల్‌తో సరిసమానం, పైగా పక్కనున్న స్నేహితుడు కాలడు. ఆ లెవెల్‌లో ఏడో స్లాట్ ఒక్కటే ఉంటుంది గనుక ఈ లెక్క ముందే వేసుకోవాలి.

తర్వాతది ‘ప్రభావం చూపలేవు’. రాక్షసుడి మీద పడే మంత్రం వేరు, చుట్టూ ఉన్నదాన్ని మార్చే మంత్రం వేరు. మూడో లెవెల్ ఫైర్‌బాల్ అతన్ని కాల్చదు, కానీ గదిలోని పరదాలనూ గడ్డినీ అంటిస్తుంది. ఆ మంట మామూలు మంట, రాక్షసుడికి నిప్పు ఇమ్యూనిటీ లేదు. కత్తి మీద మ్యాజిక్ వెపన్ మంత్రం వేస్తే మారింది కత్తి. దాంతో కొట్టిన దెబ్బను నాన్‌మ్యాజికల్ అనలేం, తగులుతుంది. అది ఈటెలాంటి గుచ్చే ఆయుధమై, పట్టినవాడు గుడ్ అలైన్‌మెంట్ ఉన్న, అంటే మంచివైపు నిలిచే, వాడైతే రాక్షసుడికి వల్నరబిలిటీ, 9 కాస్తా 18. కంజ్యూర్ యానిమల్స్‌తో పిలిచిన తోడేళ్లు కరుస్తాయి గానీ ఆ కాటు మామూలు దెబ్బే కాబట్టి మళ్లీ సున్నా. ఇక్కడ అడ్డుపడింది మంత్రం మీది ఇమ్యూనిటీ కాదు, ఆయుధపు దెబ్బల మీది ఇమ్యూనిటీ. అయినా కాటు తగిలితే కింద పడకుండా డీసీ 11 స్ట్రెంగ్త్ సేవ్ వేయాల్సిందే. అది మాంత్రిక ప్రభావం కాదు, అడ్వాంటేజ్ ఉండదు. కింద పడ్డ రాక్షసుడి చుట్టూ చేరి కొట్టేవాళ్లకు అది చాలు.

దైవబలంతో పోరాడే యోధులు, పాలడిన్లకు ఇంకో రెండు మేళ్లున్నాయి. 2014 నియమాల్లో వాళ్ల డివైన్ స్మైట్ స్పెల్ కాదు, క్లాస్ ఫీచర్, అంటే ఆ పాత్ర వృత్తితో వచ్చే శక్తి. స్లాట్ ఖర్చవుతుంది కాబట్టి మ్యాజికలే, కానీ స్పెల్ కాదు, రాక్షసుడికి పూర్తిగా పడుతుంది. బ్రాండింగ్ స్మైట్ మాత్రం రెండో లెవెల్ స్పెల్, దాని అదనపు రేడియంట్ దెబ్బ పడదు. వేషంలో ఉన్నవాణ్ణి పట్టుకోవడంలోనూ ఇదే తేడా. డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ మంత్రానికి అతను దొరకడు. పాలడిన్ డివైన్ సెన్స్‌కు దొరుకుతాడు, అది మంత్రం కాదు, అతను ఫీండ్, అంటే పిశాచ జాతి. 60 అడుగుల లోపు, గోడ చాటున లేకపోతే చాలు.

అనుమానం మిగిలేవి గోడలు. వాల్ ఆఫ్ స్టోన్ వేస్తే నిలబడేది రాయి, రాక్షసుడూ ఆగాలి. వాల్ ఆఫ్ ఫోర్స్ మంత్రం తప్ప మరేమీ కాదు, ఐదో లెవెల్‌ది, అతను దాటిపోతాడని మా తీర్పు. డార్క్‌నెస్ దగ్గర మాలోనే రెండు మాటలున్నాయి. చీకటి పడింది చోటు మీద కాబట్టి అతనికీ కనపడదని కొందరు, కనపడకపోవడమే ప్రభావం కాబట్టి అతనికి కనపడుతుందని కొందరు. ఏదైనా సరే, రాక్షసుడు బల్ల మీదికి రాకముందే డీఎం ఒక మాట అనుకుని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. వాదన లేస్తే ఒక నిమిషంలో తీర్పు చెప్పి ఆట సాగించి, పుస్తకం ఆట అయ్యాక తెరవాలి. మధ్యలో తెరిస్తే ఆ పూట ఆట అక్కడితో అయిపోయినట్టే.

కొత్తవాళ్లు మొదట తడబడే మంత్రం స్లీప్, నిద్రపుచ్చేది. చార్ట్ పేపర్ మీద అంగుళానికో గడి, గడికి ఐదడుగులు. గాబ్లిన్లనే చిన్న శత్రువులకు చింతగింజలు, మనవాళ్లకు క్యారమ్ కాయిన్లు. స్లీప్ 20 అడుగుల వ్యాసార్ధం కాబట్టి ఎనిమిది అంగుళాల స్టీలు పళ్లెం బోర్లిస్తే ఎవరు లోపలున్నారో తెలిసిపోతుంది. 5డీ8 వేసి, వచ్చిన మొత్తంలోంచి తక్కువ హిట్ పాయింట్లున్నవారితో మొదలుపెట్టి తీసేస్తూ పోవాలి. 24 వచ్చి, నాలుగు గాబ్లిన్లకు ఏడేసి ఉంటే మూడు పడుకుంటాయి. మిగిలిన 3 నాలుగోదానికి చాలదు. సేవ్ లేదు. అన్‌డెడ్‌లకు, చార్మ్ (వశీకరణ) ఇమ్యూనిటీ ఉన్నవాటికి వర్తించదని మంత్రంలోనే ఉంది. చిక్కంతా ఎల్ఫ్ అనే జాతి పాత్ర దగ్గర. ఎల్ఫ్‌కు చార్మ్ ఇమ్యూనిటీ లేదు, అడ్వాంటేజ్ మాత్రమే. మ్యాజిక్‌తో నిద్రపుచ్చలేమని జాతి లక్షణంలో ఉంది. పళ్లెం కింద 6 హిట్ పాయింట్లతో మన ఎల్ఫ్ కూడా ఉంటే, ఆ 6 ముందు తీసేయాలా? తీసేస్తే 18 మిగిలి రెండు గాబ్లిన్లే పడుకుంటాయి, తీయకపోతే మూడు. అక్షరం పట్టుకుంటే తీయాలనే వస్తుంది. నిద్రపోని ప్రాణి మీద మంత్రం ఖర్చు కావడం అర్థం లేనిదని మేం తీయం. ఇది మా తీర్పు మాత్రమే.

ఎడిషన్ మారితే వీటిలో చాలా మారతాయి. 2024 స్లీప్‌లో హిట్ పాయింట్ల లెక్కే లేదు, విజ్‌డమ్ సేవ్ వచ్చింది, వ్యాసార్ధం ఐదడుగులకు తగ్గింది, ఎల్ఫ్ దానంతట అదే సేవ్ అవుతుంది. డివైన్ స్మైట్ స్పెల్ అయిపోయింది. 2025 ఫిబ్రవరి నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో గాబ్లిన్లు హ్యూమనాయిడ్ల నుంచి ఫే జాతిలో చేరాయి, చార్మ్ పర్సన్ వాటికి పనికిరాదు. తోడేలు మనిషి హ్యూమనాయిడ్ కాదు, మామూలు ఆయుధాల ఇమ్యూనిటీ కూడా పోయింది. రాక్షసుడైతే పూర్తిగా మారిపోయాడు. ఏ లెవెల్ మంత్రానికైనా ఎదురు సేవ్ దానంతట అదే అయిపోతుంది, స్పెల్ అటాక్ రోల్స్ దానంతట అవే తప్పిపోతాయి. అయితే సేవ్ అయినా సగం దెబ్బ వేసే ఫైర్‌బాల్ ఇప్పుడు మూడో లెవెల్‌లోనే సగం కాలుస్తుంది. సేవ్ గానీ అటాక్ రోల్ గానీ లేని మ్యాజిక్ మిసైల్ మొదటి లెవెల్‌లోనే మూడు బాణాలూ గుచ్చుతుంది. 2014 పుస్తకం పట్టుకున్న ఆటగాడు, 2025 పుస్తకం పట్టుకున్న డీఎం ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఇద్దరూ సరైన పేజీయే చూపించి కొట్లాడుకుంటారు.

కాబట్టి మీరు ఇకముందు ఈ ఆటల నియమాల గురించి ఏది అచ్చువేసినా, పక్కన ఏ సంవత్సరపు పుస్తకమో కూడా వేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
ఈ ఆటలు నడిపే కొందరు డీఎంలు,
నల్లగొండ, మహబూబ్‌నగర్